మా తమ్ముడు ఆడిన జాగా

నా ఫుట్‌బాల్ జీవితం మొత్తం పదకొండు నిమిషాలు. అందులో ఒక గోలు కూడా ఉంది. కొట్టింది మా గోలులోకే అయినా, కొట్టడం మాత్రం బ్రహ్మాండంగా కొట్టాను. మా కీపరు దూకినా అందలేదు. ఆ సాయంత్రం జట్టు పెద్దలు కూర్చుని, వీడు మైదానానికి ఎంత దూరంలో ఉంటే ధర్మవరానికి అంత క్షేమమని తేల్చి నా చేతికి మైకిచ్చారు. అక్కణ్ణుంచి నేనెవరికీ నష్టం చెయ్యలేనని వాళ్ళ నమ్మకం.

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశాను. బడే నిన్ను మానేసింది అంటుంది మా అమ్మ. ఏదైతేనేం, నోరు మిగిలింది. దాంతోనే బతుకుతున్నాను. మైకుసెట్టు బాడుగకిస్తాను. పెళ్ళికీ చావుకీ ఓట్లకీ అవే పెట్టెలు, అదే గొంతు. ఫుట్‌బాల్ పోటీలు జరిగితే షామియానా కింద కూర్చుని వ్యాఖ్యానం చెబుతాను. జనం ఆట చూడను వస్తారో నా మాటలు వినను వస్తారో తెలియదప్పా అని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

ఆడింది మా తమ్ముడు. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. నాయన పోయాక మగ్గం గుంటలోకి దిగింది కూడా వాడే. నాకు కాళ్ళకంటే నోరు బాగా ఆడుతుందని అప్పటికే ఊరంతా ఒప్పుకుంది కాబట్టి నన్నెవరూ దిగమనలేదు. పొద్దున్నే గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే సాయంత్రం నాలుగింటికి పైకి లేచేవాడు. లేచిన కాసేపు మోకాళ్ళు పట్టేసి ముసలాయనలా నడిచేవాడు. మైదానం చేరేసరికి ఆ కాళ్ళే వేరే ఎవరివో అయ్యేవి. రోజంతా కర్రలు తొక్కీ తొక్కీ వాటికి ఒక లెక్క వచ్చింది. గోలు ముందు తొందరపడేవాడు కాదు. పడుగులో దారం తెగితే ఎక్కడ తెగిందో వెతుక్కునే చూపుతో ఒక్క క్షణం ఆగి, సందు చూసి, ఎడమకాలితో తోసేవాడు. అంతకుముందు ఏడాది జిల్లా పోటీల్లో అందరికంటే ఎక్కువ గోల్స్ వాడివే.

నేను చెబుతున్న ఏడు వాడికి ఆఖరి ఏడు. రాష్ట్ర కుర్రాళ్ళ జట్టుకు వయసు గీత ఒకటుంది. ఆ ఏడు దాటితే వాడు గీతకు అవతల పడతాడు. ఫైనలు చూడను జట్టును ఎంచే సారు వస్తాడని ముందే కబురొచ్చింది. సెంటర్ ఫార్వర్డు కోసం వెతుకుతున్నాడని కూడా తెలిసింది. రాష్ట్ర జట్టుకు ఆడినవాళ్ళకు రైల్వేలోనో బ్యాంకులోనో ఉద్యోగాలు వచ్చిన కథలు మా వీధిలో అందరికీ కంఠతా వచ్చు. తమ్ముడు ఆ సంగతి ఎత్తేవాడు కాదు. అమ్మే కండెలు చుడుతూ చుడుతూ అనేది, ఈ గుంటలోనుంచి ఒక్కడన్నా ఎక్కితే చాలు అని. నా వైపు చూసేది కాదు. నేను గుంటలోకే దిగలేదు కదా, ఎక్కేదేముంది.

అది వేరుశెనగ బుడ్డలు ఎండిపోయిన ఏడు. మా వైపు వాన పడని ఏడు పోటీలకు జనం ఎక్కువ. చేలో పనుండదు, మైదానంలో నేనుంటాను. మొదటి మ్యాచ్ ముదిగుబ్బ జట్టుతో. తమ్ముడు కొట్టిన మొదటి బంతి స్తంభానికి తగిలింది. రెండోది, కీపరు కింద పడి ఉండగా, ఖాళీ గోలు మీదుగా ఎగిరి కంచె అవతలికి పోయింది. ఎంత ఆడినవాడికైనా ఒక రోజు అట్లా అవుతుంది. నేను మైకు దగ్గరకు లాక్కుని, ఆ బాలు ఇప్పటికి బత్తలపల్లి దాటింటాది, ఆ దారిన పోయేటోళ్ళు ఎవరన్నా ఉంటే పట్టుకోండప్పా అన్నాను. మైదానం మొత్తం నవ్వింది. నవ్వు ఒక అలలా అటు గట్టు దాకా పోయి మళ్ళీ నా దగ్గరకే రావడం, మైకు పట్టుకున్నవాడికి అంతకంటే సుఖం లేదు. నేను ఇంకో రెండు అన్నాను. వారం రోజులు టీ బంకు దగ్గర తమ్ముణ్ణి చూసిన ప్రతివాడూ, బాలు దొరికిందా అని అడిగాడు. వాడు నవ్వి ఊరుకున్నాడు.

మా జట్టు అధ్యక్షుడు పట్టుచీరల వ్యాపారి. తమ్ముడు నేసేది కూడా ఆయన చీరలే. చెడ్డవాడు కాదు. జట్టుకు బూట్లు కొనేవాడు, దెబ్బ తగిలితే ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. ఆ రోజు నా పక్కనే కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. నవ్వి, కండువాతో తుడుచుకుని, కొంచెం సేపు మైదానం వైపు చూసి, నువ్వు నవ్వులాటకు అంటివి గానీ అది నిజమే కదప్పా, మనకు కొట్టేటోడు కావల్ల అన్నాడు. నేను ఆ మాట పట్టించుకోలేదు. ఇంకో మాట కోసం వెతుక్కుంటున్నాను.

తరువాతి ఆదివారం బెంగళూరు రైల్లో ఒక మనిషి దిగాడు. ఆఫ్రికా వాడు. బెంగళూరులో మందుల కోర్సు చదువుతూ, వారాంతాల్లో పిలిచిన ఊరికి పోయి ఆడేవాడు. మేమందరం తాటిచెట్టంత మనిషి వస్తాడనుకున్నాం. వచ్చింది కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి మనిషి. ఉగ్గాణి రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు, మిరపకాయ బజ్జీ కొరికి కన్నీళ్ళు పెట్టుకున్నాడు, కళ్ళజోడు తీసి నా చేతికిచ్చి మైదానంలోకి పోయి నాలుగు గోల్స్ కొట్టాడు. వేరే ఊళ్ళలో మైకు పట్టుకున్నవాళ్ళు ఆయన రంగు మీద మాటలు అన్నారట. నేను అనలేదు. మంచితనంతో కాదు, మా ఇంట్లో అద్దం ఉంది.

ఆ మ్యాచ్ అయిన మర్నాడు అధ్యక్షుడు జట్టును కూర్చోబెట్టి, ఇకమీదట ఫార్వర్డు ఆ పరదేశి, మా తమ్ముడు వెనక బ్యాక్‌గా ఆడాలని చెప్పాడు. ఎవరో, ఇద్దర్నీ ముందు ఆడించొచ్చు కదా అని నసిగారు. దానికి అధ్యక్షుడు చాలా మామూలుగా, అందరికీ తెలిసిన సంగతి గుర్తు చేస్తున్నట్టుగా అన్నాడు.

"బాడుగెద్దు వచ్చిన దినం సొంతెద్దును ఎవురన్నా మడకకు కడ్తారా?"

అందరూ తలూపారు. అది మా అందరి లెక్క. మా మెట్ట నేలల్లో వాన పడితే నాలుగు రోజులుంటుంది పదును. ఆ నాలుగు రోజుల్లోనే విత్తనం పడాలి. ఉన్న జతకు అంత జోరు లేదని ఇంకో జతను బాడుగకు తెచ్చుకుంటారు. తెచ్చాక దాన్ని నాగలికి కట్టి పొద్దు పొడిచినప్పటి నుంచి మునిగేదాకా నిలబడనివ్వరు. సొంత జతను కొట్టంలో కట్టేసి మేత వేస్తారు. బాడుగది నిలబడితే దండగ, మనది నిలబడితే మిగులు. ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయాయి గానీ ఆ లెక్క మనుషుల్లోంచి పోలేదు. మగ్గాలవాళ్ళకూ అదే, అంగళ్ళవాళ్ళకూ అదే. మా తమ్ముడు కూడా సరే అన్నాడు. వాడి స్థానంలో అధ్యక్షుడు కూర్చుని ఉన్నా, అధ్యక్షుడి స్థానంలో వాడు ఉన్నా అదే మాట అనేవాళ్ళనుకుంటాను.

అట్లా మొదలైంది. బంతి ఎవరి కాలికి దొరికినా ఆయనకే ఇవ్వాలి. వేరేవాడికి ఇస్తే షామియానాలోనుంచి కేక వచ్చేది, ఆయప్ప ఊరకే నిలబడుకున్యాడు సూడు అని. మా కుర్రాళ్ళు నెల తిరిగేసరికి గోలు వైపు చూడడం మానేసి ఆయన ఎక్కడున్నాడో చూడడం నేర్చుకున్నారు. మేం తెచ్చామని కదిరి వాళ్ళు ఒకణ్ణి తెచ్చారు. హిందూపురం వాళ్ళకు బెంగళూరు ఇంకా దగ్గర, ఇద్దర్ని తెచ్చారు. సెమీఫైనళ్ళకు వచ్చేసరికి నాలుగు జట్లలో ముందు ఆడే మనవాడు ఒక్కడూ లేడు.

నిజం చెప్పాలంటే ఆట బాగుపడింది కూడా. జనం రెండింతలయ్యారు. ఆడవాళ్ళు కూడా గట్ల మీద కూర్చుని చూశారు. అంత బలమైనవాళ్ళను ఆపీ ఆపీ మా బ్యాక్‌లు రాటుదేలారు, కీపర్లు దూకడం నేర్చుకున్నారు. బయటివాళ్ళు వస్తే మనవాళ్ళు చెడిపోతారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మనవాళ్ళలో వెనకున్నవాళ్ళు బాగుపడ్డారు. ముందు ఉండాల్సినవాళ్ళే లేకుండా పోయారు. ఎద్దును కొట్టంలో కట్టేసిన ఏడు దానికేమీ కాదు, ఇంకా నున్నగా అవుతుంది. మరుసటి ఏడు మడకకు కట్టినప్పుడు సాలు తప్పుతుంది.

ఆ పరదేశి శనివారాలు మా ఇంట్లోనే పడుకునేవాడు. ఇక్కడి లాడ్జీలో కాగితాలు చాలవని గది ఇవ్వలేదు. అధ్యక్షుడు నన్ను అడిగాడు, నేను సరేనన్నాను. ఆయనకు తెలుగు రాదు, మాకు ఇంగ్లీషు రాదు. బెంగళూరు ఆటోల్లో నేర్చుకున్న కన్నడం ఆయనకు కాస్త ఉంది, మా వైపు కన్నడం రానివాళ్ళెవరు. సంగటి ముద్దను వేళ్ళతో తుంచడం అమ్మ నేర్పించే లోపే ఆయన చూపించాడు, వాళ్ళ ఊళ్ళోనూ అట్లాంటి ముద్దే తింటారట. అమ్మ అప్పటి నుంచి ఆయన్ని చుట్టంలా చూసింది. మగ్గం గుంట అంచున కూర్చుని తమ్ముడి కాళ్ళు ఆడడం గంటలు గంటలు చూసేవాడు. ఒకసారి తనూ దిగి కూర్చున్నాడు గానీ మోకాళ్ళు గుంటలో పట్టలేదు.

ఒక రోజు ఆయన తన కథ చెప్పాడు. వాళ్ళ ఊరి జట్టు యజమాని పక్క దేశం నుంచి ఒక ఫార్వర్డును తెచ్చుకున్నాడట. అప్పటిదాకా ముందు ఆడుతున్న ఈయన రెండేళ్ళు బల్ల మీద కూర్చున్నాడట. ఆ తరువాతే చదువని చెప్పి ఇంత దూరం వచ్చాడు. తమ్ముడు నేత ఆపి, మగ్గం నాడె చేతిలో పట్టుకుని ఆ కథంతా విన్నాడు. విని, ఒక్క మాట అడిగాడు, మళ్ళీ ఆడేటప్పుడు కాళ్ళు మాట వినినాయా అని. రెండు నెలలు వినలేదు అన్నాడాయన. అట్లాగే తమ్ముణ్ణి తన పక్కన ముందు ఆడించమని అధ్యక్షుణ్ణి కూడా అడిగాడు. నిన్ను పిలిపించింది ఆడేదానికప్పా, ఆడించేదానికి కాదు అని అధ్యక్షుడు నవ్వేశాడు.

కదిరి జట్టుతో ఫైనలుకు సారు వచ్చాడు. షామియానాలో నా పక్క కుర్చీ వేశారు. మొదటి సగం అయ్యేసరికి నోటు పుస్తకంలో ఒక కీపరు పేరు, ఇద్దరు బ్యాక్‌ల పేర్లు రాసుకున్నాడు, ముగ్గురూ కదిరి వాళ్ళే. మా తమ్ముడి పేరు లేదు. వాడు బ్యాక్‌గా ఆడడం మొదలుపెట్టి రెండు నెలలే. అడ్డం పడడం వాడికి ఇంకా రాలేదు, కొట్టడం వాణ్ణి ఎవరూ అడగలేదు. మీ జిల్లాలో ఫార్వర్డులే లేరా అని సారు ఆశ్చర్యపోయాడు.

మేము రెండు గోల్స్ ముందున్నాం. ఇక పది నిమిషాలే ఉందనగా ఆ పరదేశి బంతిని కాలికింద ఆపి, వెనక్కు తిరిగి, మా తమ్ముణ్ణి చెయ్యూపి పిలిచాడు. కన్నడంలో బా, బా అని. తమ్ముడు షామియానా వైపు ఒకసారి చూశాడు. తరువాత పరిగెత్తాడు. ఆయన ఇద్దర్ని దాటుకుని, కీపర్ని ముందుకు లాగి, బంతిని అడ్డంగా తోశాడు. తమ్ముడి ముందు ఆరడుగుల్లో ఖాళీ గోలు. అడ్డం ఎవరూ లేరు. ఎడమకాలు వైపే వచ్చింది బంతి.

వాడు దాన్ని మళ్ళీ ఆయనకే ఇచ్చేశాడు.

ఎందుకిచ్చాడో వాడికే తెలియదు. రెండు నెలలుగా కాలికి వచ్చిన ప్రతి బంతినీ అట్లా ఇచ్చాడు, కాలు అదే చేసింది. మధ్యలో కదిరి కుర్రాడొకడు వచ్చి బంతిని తన్ని అవతల పారేశాడు. తమ్ముడు గోలు ముందు అట్లాగే నిలబడి తన కాలి వైపు చూసుకుంటున్నాడు.

నేను అప్పటికే మైకులో ఉన్నాను. కొత్తల్లుడు అత్తగారింటికి పోయినట్టుండాదప్పా, ఇస్తరాకులో వడ్డించిందాన్ని ముట్టకుండా వద్దు వద్దంటాండాడు అన్నాను. జనం ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. సారు కూడా నవ్వాడు. నవ్వుతూనే నా వైపు వంగి, నిజంగానే తెలుసుకోవాలని, ఆ కుర్రాడెవరు, ఫార్వర్డా బ్యాకా అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు ఆ మైదానంలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఫార్వర్డు సార్, మా తమ్ముడు, పోయిన ఏడు అందరికంటే ఎక్కువ గోల్స్ వీడివే, రేపు పొద్దున ఒకసారి ముందు ఆడించి చూడండి. చెప్పడానికి ఎంత సేపు. కానీ నవ్వు ఇంకా ఆగలేదు, గాలిలో ఉంది, దాన్ని కింద పడనివ్వడం నాకు చేతకాదు.

"ఏదీ కాదు సార్, నేతగాడు" అన్నాను.

మైకు మూయలేదు. ఆ మాట నాలుగు పెట్టెల్లోంచీ వినబడింది. సారు కలానికి మూత పెట్టాడు.

మేము గెలిచాం. మా ఊళ్ళో ఉత్తమ ఆటగాడికి కప్పు కాదు, వాళ్ళమ్మకని పట్టుచీర ఇస్తారు. ధర్మవరం కదా. ఆ ఏటి చీర నేసింది మా తమ్ముడే. అధ్యక్షుడు పని అప్పగించినప్పుడు రంగు మాత్రం వాణ్ణే ఎంచుకోమన్నాడు. పసుపు మీద ఎర్రంచు. అమ్మ దానికి కండెలు చుట్టింది. ఎవరి కోసమని ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు.

చీర పరదేశికి వచ్చింది. రావాల్సిందే, గోల్సన్నీ ఆయనవే. ఆయన దాన్ని పట్టుకుని మా ఇంటికొచ్చి, అమ్మ ముందు పెట్టి, తీసుకోమన్నాడు. మీ అమ్మకిచ్చింది నాకెందుకు నాయనా అని అమ్మ వెనక్కు తోసింది. వాళ్ళమ్మకు ఇది ఎట్లా కట్టుకోవాలో తెలియదని, ఒక్కసారి కట్టి చూపిస్తే ఫోనులో తీసి పంపిస్తానని బతిమాలాడు. అమ్మ లోపలికి పోయి కట్టుకుని వచ్చింది. నలభై ఏళ్ళు కండెలు చుట్టిన మనిషి, పట్టు ఒంటిమీద వేసుకోవడం నేను చూసింది అప్పుడే. కుచ్చెళ్ళు పోసి, పైట సర్ది, మెల్లగా ఒక చుట్టు తిరిగింది. ఆయన ఫోను పట్టుకున్నాడు. తమ్ముడు గుంట అంచున కూర్చుని చీర అంచు వైపే చూశాడు, నేతలో తప్పు వెతుకుతున్నట్టు. వీడియో అయిపోయాక అమ్మ మడత పెట్టి ఇచ్చేసింది.

ఆ ఏడు దాటింది. తమ్ముడి వయసూ గీత దాటింది. వాడు బూట్లు ఎవరికో ఇచ్చేశాడు. నాలుగింటికి గుంటలోంచి లేచి, మోకాళ్ళు నిమురుకుంటూ వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ వచ్చి గుంటలో కూర్చునేవాడు.

నాకు మాత్రం కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక బయటివాళ్ళ మీద వచ్చింది. టీ బంకు దగ్గర, బస్టాండులో, ఎక్కడ నలుగురు దొరికితే అక్కడ చెప్పాను. పరాయి వాళ్ళను తెచ్చి మన బిడ్డల కాళ్ళు విరగ్గొట్టినారప్పా అని. దేశానికి గోలు కొట్టేవాడు ఎందుకు దొరకడం లేదో ధర్మవరం వచ్చి చూడండి అని. అది అబద్ధం కాదు. అందుకే అంత గట్టిగా చెప్పగలిగాను.

మరుసటి ఏడు పోటీలకు ముందు జిల్లా జట్లన్నీ మా ఊళ్ళో సమావేశం పెట్టాయి, బయటి ఆటగాళ్ళను ఉంచాలా వద్దా అని. మైకు నాదే కాబట్టి మాట్లాడే అవకాశం కూడా నాకే మొదట వచ్చింది. ఒక్క జోకు లేకుండా అరగంట మాట్లాడాను. బాడుగెద్దు సంగతి చెప్పాను, సొంతెద్దు సాలు మరిచిపోయిన సంగతి చెప్పాను. మా తమ్ముడి కథ చెప్పేటప్పుడు మైకు కాస్త దూరం పెట్టుకున్నాను, అది నటన కాదు. అధ్యక్షుడు తల దించుకున్నాడు. చప్పట్లు చాలాసేపు ఆగలేదు. ఇకమీదట జట్టుకు ఒక్కడే బయటివాడని, ఫార్వర్డుల్లో ఒకడైనా జిల్లావాడు ఉండాలని తీర్మానం అయింది.

తమ్ముడు వెనక వరసలో కూర్చుని అంతా విన్నాడు. సమావేశం అయ్యాక పెట్టెలు ఆటోలో వెయ్యడానికి సాయం చేశాడు. తీగలు చుడుతుంటే అడిగాను, నేను చేసింది నీ కోసమే కదా అన్న ధీమాతో, ఎట్ల మాట్లాడినాను రా అని. బాగా మాట్లాడినావు అన్నాడు. ఇంగ ఆ పరాయోళ్ళ బెడద తీరినట్లే అన్నాను.

వాడు చుట్టిన తీగను నా చేతిలో పెట్టాడు.

"ఆ పరాయోడు నాకు బాలు ఇచ్చినాడు అన్నా. నువ్వేమిచ్చినావు?"